లోపం ఖనిజంలోనా, బొగ్గులోనా?

శ్రీకాకుళం

అమ్మడూ,

నీ మెసేజీ చూశాను. ఫోన్ చేస్తే మీ నాన్న మధ్యలో అందుకుని నీ బదులు తనే జవాబులు చెబుతాడు. అందుకే ఉత్తరం రాస్తున్నాను.

ఫిజిక్స్ మేజర్లో మ్యాథమెటికల్ ఫిజిక్స్ పేపరు పోయింది, ఈ సెమిస్టర్‌లోనూ గట్టెక్కే ఆశ లేదు, కాబట్టి కామర్స్‌కి మారతాను, కాకపోతే జియాలజీకి వెళతాను అంటున్నావు. మారడం తప్పని నేననను. కానీ ఫిజిక్స్ ఎందుకు వదలాలో అంత పొడుగ్గా రాసినదానివి, కామర్స్ ఎందుకు కావాలో ఒక్క మాటా రాయలేదు. నాకు నచ్చనిది అదే.

కోక్ ఓవెన్ల పక్కన లేబరేటరీలో బొగ్గులో బూడిద ఎంతుందో చూస్తూ ఉద్యోగం చేసినవాణ్ణి. ఇలాంటివి వింటే నాకు ముందు గుర్తొచ్చేది మన జంషెడ్‌పూర్ పుట్టిన కథే. 1882లో ఒక జర్మన్ నిపుణుడి నివేదిక జంషెట్జీ టాటా కంటబడింది. చాందా జిల్లా లోహారాలో మంచి ఇనుప ఖనిజం ఉందని అందులో రాసి ఉంది. దగ్గర్లోనే వరోరా బొగ్గు. ఇంకేం కావాలి? కానీ ఆయన తొందరపడలేదు. నమూనాలు జర్మనీ పంపి పరీక్ష చేయించాడు. ఖనిజానికి వంక లేదు, పనికి రానిది బొగ్గని తేలింది. తరవాత ఆయన మనుషులు దుర్గ్ వైపు కొండలు చూశారు. అక్కడా ఖనిజం దివ్యంగా ఉంది, తక్కినవి కలిసిరాలేదు. 1904 ఫిబ్రవరిలో మయూర్‌భంజ్ నుంచి భూగర్భ శాస్త్రవేత్త ప్రమథనాథ్ బోస్ ఉత్తరం రాశాడు. అక్కడి గోరుమహిసాని ఖనిజం, ఝరియా బొగ్గు, సువర్ణరేఖ, ఖర్కాయి నీళ్ళు, పక్కనే కాళీమాటి స్టేషన్. ఇన్నీ కలిసొచ్చాక 1907లో సాక్చీ దగ్గర, అంటే నేటి జంషెడ్‌పూర్‌లో, స్థలం ఖాయమైంది. 1912లో ఉక్కు వచ్చింది. అప్పటికి జంషెట్జీ పోయి దాదాపు ఎనిమిదేళ్ళు.

చోటు ఎన్నిసార్లు మార్చినా ముందు లోపం ఎక్కడుందో తేల్చుకున్నారు, ఉక్కు చేయాలన్న పట్టు మాత్రం వదల్లేదు. ఇంకోటి చూడు. దుర్గ్ వైపు వాళ్ళు వదిలేసిన డల్లీ రాజహరా ఖనిజమే తరవాత భిలాయి కర్మాగారాన్ని పోషించింది. ఒకరు వదిలేశారని అది పనికిమాలినది కాలేదు. రేపు నువ్వు ఫిజిక్స్ వదిలినా అంతే, తప్పు ఫిజిక్స్‌దీ కాదు, నీదీ కాదు.

మరి నీ లోపం ఎక్కడ? ప్లస్ టూలో నీ ధ్యాసంతా నీట్ మీద, బయాలజీ మీద. లెక్కలు అదనపు సబ్జెక్టుగా ఎలాగో లాగించేశావు. ఇంటెగ్రేషన్ సరిగ్గా రానిదే డిఫరెన్షియల్ ఈక్వేషన్లలోకి దిగితే ఎవరికైనా ఊపిరాడదు. దాన్ని చూసి ‘నాకు ఫిజిక్స్ రాదు’ అనుకుంటున్నావు. లాబ్‌లో మార్కులు బాగానే వచ్చాయిగా? చూడబోతే ఇది బొగ్గు లోపం. అయితే ఊహతో తేల్చకు, పరీక్ష చేసి చూడు. ఒక నెల పాటు మేజర్ పుస్తకాలు మూసేసి, పదకొండు, పన్నెండు తరగతుల కాలిక్యులస్ మొదటి అభ్యాసం నుంచి చెయ్యి. ఒంటరిగా కాదు, ఎవరైనా మేష్టారి దగ్గర కూర్చుని. ఆ తరవాత పోయిన పేపరు ముందు పెట్టుకుని చూడు. లెక్కలు కదులుతున్నాయంటే సంగతి తేలినట్టే.

కదిలాక కూడా ఇంకో ప్రశ్న ఉంది, అసలైంది అదే. సీనియర్ల దగ్గర పైఏళ్ళ పుస్తకాలు అడిగి తెచ్చుకో. విద్యుదయస్కాంతం, క్వాంటమ్ మెకానిక్స్, స్టాటిస్టికల్ మెకానిక్స్. అర్థం కాకపోయినా పేజీలు తిప్పు. ఫిజిక్స్‌లో లెక్కలు గుమ్మం దగ్గర ఆగిపోవు, ఇల్లంతా అవే. ఆ ఇంట్లో ఉండాలనిపిస్తోందా? అనిపించకపోతే లెక్కలు వచ్చినా సరే మారిపో. రాక మారడం వేరు, వద్దని మారడం వేరు.

ఇక కామర్స్. సీఏ చేస్తానంటున్నావు. సీఏ ఫౌండేషన్‌లో నాలుగు పేపర్లుంటే మూడోది క్వాంటిటేటివ్ ఆప్టిట్యూడ్, అంటే బిజినెస్ లెక్కలు, స్టాటిస్టిక్స్. లెక్కలకు భయపడి పారిపోతే అవి అక్కడ ఎదురొస్తాయి. పైగా యూజీసీ 2022 డిసెంబర్‌లో ఇచ్చిన చట్రం ప్రకారం రెండో సెమిస్టర్ చివర మేజర్ మార్చుకునే వీలు ఒకే విశాల విభాగం లోపలే. ఫిజిక్స్, కెమిస్ట్రీ, భూవిజ్ఞానం ఒక విభాగం. గణితం, స్టాటిస్టిక్స్, కంప్యూటర్లది వేరే విభాగం. కామర్స్ ఇంకో విభాగం. మీ కాలేజీలో, కొల్హాన్ యూనివర్సిటీలో దీన్ని ఎలా పాటిస్తున్నారో, ఇప్పటిదాకా వచ్చిన క్రెడిట్లలో ఎన్ని కొత్త మేజర్‌లో లెక్కకొస్తాయో ఆఫీసులో రాతపూర్వకంగా అడుగు. కారిడార్లో విన్న మాట నమ్మకు.

జియాలజీ మాట నాకు సబబుగానే తోచింది. నోవాముండి, జాదూగూడా, ఘాట్‌శిలా, అన్నీ మీ చుట్టుపక్కలే. ఎమ్మెస్సీకి ధన్‌బాద్ ఐఐటీలో అప్లయిడ్ జియాలజీ ఉంది. కానీ మీ ఊళ్ళో ఏ కాలేజీలో సీటు దొరుకుతుందో కనుక్కున్నాకే ఆశ పెంచుకో. ఫీల్డుకి వెళ్ళి ఎండలో రాళ్ళు మోయడం ఇష్టమో కాదో కూడా చూసుకో.

‘ఏడాది వృథా’ అని మీ నాన్న అంటాడు, తెలుసు. మూడేళ్ళ డిగ్రీకి 120 క్రెడిట్లు, నాలుగేళ్ళ ఆనర్స్‌కి 160. మధ్యలో మానేసినా మూడేళ్ళలోపు తిరిగి చేరొచ్చు, మొత్తం ఏడేళ్ళలో ముగించొచ్చు. కొంప మునగదు. డిగ్రీ పూర్తి చేసి పీజీలో దారి మార్చుకునేవాళ్ళూ ఉన్నారు. చిత్తూరు వైపు కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డి 1958లో గిండీలో సివిల్ ఇంజినీరింగ్ ముగించాడు. 1966లో స్టాన్‌ఫర్డ్‌లో కంప్యూటర్ సైన్స్ డాక్టరేట్ తీసుకున్నాడు. 1994లో ట్యూరింగ్ అవార్డు వచ్చింది. పేరున్నవాళ్ళ కథలు చెప్పి పిల్లల్ని ఊరించడం నాకు గిట్టదు. ఈ తలుపు ఇప్పుడే మూసుకుపోదని చెప్పడానికే రాశాను.

శ్రీరామనవమికి బిష్టుపూర్ రామమందిరంలో ఎవరెవరో ‘అమ్మాయి ఏం చదువుతోంది’ అంటారు. వాళ్ళకి చెప్పే జవాబు కోసం మేజర్ ఎంచుకోకు. మీ నాన్న గొడవలో సగం అదే, ఆ సంగతి వాడితో నేను మాట్లాడతాను.

సప్లిమెంటరీ ఫీజు మాత్రం గడువులోపు కట్టెయ్యి. మారినా మారకపోయినా ఆ పేపరు మిగిలిపోకూడదు. మేజర్ మార్పు ఫారానికి ఆఖరి తేదీ ఎప్పుడో నోటీసు బోర్డు ఫొటో తీసి పంపు. అది చూశాకే నెల రోజులు చేతిలో ఉన్నాయో, పది రోజులే ఉన్నాయో లెక్క వేసుకుందాం.

మీ పెదనాన్న