మంచు వదిలిన నీళ్ళలో మొదటి తెడ్డు

నేను పుట్టింది కోనసీమ లంకలో. బడికి పోవాలన్నా, పెళ్ళికి పోవాలన్నా రేవు దాటాల్సిందే. ముప్పై ఏళ్ళ పైబడి మిన్నెసోటాలో ఉంటున్నాను. ఇక్కడ ఉత్తరాన, కెనడా సరిహద్దు వెంట బౌండరీ వాటర్స్ అనే అడవి ఉంది. విస్తీర్ణం పది లక్షల ఎకరాల పైమాట, సరస్సులు వెయ్యికి పైగా. ఎక్కువ సరస్సుల్లో మోటారు పడవలకు అనుమతి లేదు. కెనూ వేసుకుని, తెడ్డు పట్టుకుని వెళ్ళాలి. మే నెలలో మంచు కరగగానే అక్కడ గాలం వేయడం మా ఇంట్లో పండగలాంటిది.

ఇప్పుడు మన కుర్ర జంటలు కూడా పిల్లలతో అటు వెళ్దామనుకుంటున్నారు. "బాబాయ్, ఏం తీసుకెళ్ళాలి?" అని ఫోన్లు చేస్తుంటారు. సామాన్ల జాబితా కంటే ముందు చెప్పవలసిన మాట ఒకటుంది. పడవలో అందరికంటే చిన్నవాళ్ళు ఎవరో, వాళ్ళను బట్టే ప్రయాణం కట్టుకోవాలి. కింద రాసినవన్నీ ఆ మాటలోంచి వచ్చినవే.

1. తేదీ సరస్సును అడగండి

వాలై చేపల సీజన్ తెరిచే రోజును ఇక్కడ చట్టం నిర్ణయిస్తుంది. మెమోరియల్ డే వారాంతానికి రెండు వారాల ముందొచ్చే శనివారం అది. మంచు మాత్రం తన లెక్కన తాను పోతుంది. 2012లో మార్చి ఎండలకే వారాల ముందుగా కరిగిపోయింది. మరుసటి ఏడాది, 2013లో, సీజన్ తెరిచిన మే 11న కూడా ఉత్తరాది సరస్సులు చాలావరకు గడ్డకట్టే ఉన్నాయి. మామూలుగా ఏప్రిల్ చివరికో మే మొదటి వారానికో నీళ్ళు తేరుకుంటాయి. పిల్లలతో వెళ్ళేవాళ్ళు తొలి శనివారం కోసం పట్టుబట్టకండి. ఒకటి రెండు వారాలు ఆగితే నీళ్ళూ కాస్త వెచ్చబడతాయి, దోమలూ ఇంకా పూర్తిగా విజృంభించవు.

2. మే ప్రయాణం జనవరిలో మొదలవుతుంది

మే 1 నుంచి సెప్టెంబర్ 30 దాకా రాత్రి బస చేయాలంటే ముందుగా పర్మిట్ తీసుకోవాలి. ఏ ప్రవేశ స్థలం నుంచి రోజుకు ఎన్ని బృందాలు వెళ్ళొచ్చో అటవీ శాఖ లెక్క పెట్టింది. జనవరి చివరి బుధవారం ఉదయం 9 గంటలకు బుకింగ్ తెరుస్తారు. పర్మిట్‌లో ఏ రోజు, ఏ చోటు అని ఉంటే ఆ రోజు, ఆ చోటి నుంచే లోపలికి వెళ్ళాలి. ఒక బృందంలో తొమ్మిది మందికీ నాలుగు పడవలకీ మించకూడదు. మూడు కుటుంబాలు కలిసి బయల్దేరదామనుకునేవాళ్ళు ఈ తొమ్మిది లెక్క ముందే చూసుకోండి. వెళ్ళడం కుదరదని తెలిస్తే వెంటనే రద్దు చేయండి. మీరు వదిలిన చోటు ఇంకొకళ్ళ పిల్లలకు దొరుకుతుంది.

3. ఎండను నమ్మి నీటిని మరవకండి

ఈ ఒక్క పాఠం నేను ప్రాణం మీదికి తెచ్చుకుని నేర్చుకున్నాను. ఓ మే మధ్యాహ్నం ఎండ హాయిగా కాస్తోంది. మా అబ్బాయికి పదకొండేళ్ళు. గాలానికి చేప పడగానే వాడు సంతోషంతో లేచి నిలబడ్డాడు. పడవ తిరగబడింది. ఒడ్డు వంద అడుగులు కూడా లేదు. వాడికి లైఫ్ జాకెట్ ఉంది. నాది కాళ్ళ కింద పడి ఉంది. గోదావరి ఈదినవాణ్ణని ధీమా. ఆ నీళ్ళలో పడగానే ఊపిరి నా చేతిలో లేకుండా పోయింది. కాసేపటికి వేళ్ళు తాడును కూడా పట్టుకోలేకపోయాయి. వెనక పడవలో వస్తున్న స్నేహితుడు లాగకపోతే ఇది రాయడానికి నేను ఉండేవాణ్ణి కాదు.

మానిటోబా విశ్వవిద్యాలయంలో గోర్డన్ గీస్‌బ్రెక్ట్ అనే ఆచార్యుడు చల్లటి నీటిలో శరీరం ఏమవుతుందో ఏళ్ళ తరబడి పరిశోధించారు. ఆయన చెప్పే లెక్క 1-10-1. మొదటి ఒక్క నిమిషం ఊపిరిని అదుపులోకి తెచ్చుకోవడానికి. తర్వాత పది నిమిషాలే చేతులూ కాళ్ళూ చెప్పినట్టు వింటాయి. స్పృహ పోవడానికి సుమారు ఒక గంట. జాకెట్ ఒంటి మీద లేనివాళ్ళకు ఆ గంట దక్కదు. కాబట్టి పెద్దా చిన్నా అందరూ జాకెట్ తొడుక్కుని, బిగించుకునే పడవ ఎక్కాలి. ఒడ్డు వెంటే తెడ్డు వేయాలి. ఎంత దగ్గరదారి కనబడినా సరస్సు నడిమధ్యకు పోకూడదు. పొడి బట్టల జత ఒకటి నీరు చొరని సంచీలో పెట్టుకోవాలి.

4. దూరాన్ని పిల్లల కాళ్ళతో కొలవండి

ఒక సరస్సు నుంచి ఇంకో సరస్సుకు పడవనూ సామానునూ మోసుకెళ్ళే కాలిబాటను పోర్టేజ్ అంటారు. దాన్ని రాడ్లలో కొలుస్తారు. ఒక రాడ్ పదహారున్నర అడుగులు, అంటే ఇంచుమించు ఒక కెనూ పొడవు. 320 రాడ్లు ఒక మైలు. మ్యాప్‌లో 80 రాడ్లని చూసి పావు మైలే కదా అనుకోకండి. సామాను రెండు విడతల్లో మోస్తే ఆ బాట మూడుసార్లు నడవాలి. మేలో అది బురదగా, రాళ్ళు జారుతూ ఉంటుంది. మొదటిసారి వెళ్ళే కుటుంబానికి సాబిల్ లేక్ లాంటి చోటు మంచిది. అక్కడ ఒక్క పోర్టేజ్ కూడా లేకుండా క్యాంప్‌సైట్ చేరవచ్చు. ఒకేచోట గుడారం వేసుకుని మూడు రాత్రులు ఉండండి.

ఈ బాటలు మనకోసం వేసినవి కావు. అనిషినాబే ప్రజలు తరతరాలుగా భోజపత్ర బెరడుతో పడవలు కట్టి, వాటిని మోస్తూ వేసిన దారులివి. ఆ సంగతి పిల్లలకు ఆ బాట మీదే చెప్పండి.

5. వంట ఇంట్లోనే సగం పూర్తి కావాలి

ఈ అడవిలోకి రేకు డబ్బాల్లో, గాజు సీసాల్లో ఆహారం, పానీయాలు తీసుకెళ్ళకూడదని నియమం. ఆవకాయ సీసాను ఇంట్లోనే వదిలి, తినేంత మాత్రం ప్లాస్టిక్ డబ్బాలోకి తీసుకోవాలి. మా ఆవిడ రవ్వను ముందే వేయించి, పోపుతో సహా పొట్లాలు కట్టేది. వేడినీళ్ళు పోస్తే ఉప్మా అయ్యేది. పులిహోర గుజ్జు, కందిపొడి, కారం, బియ్యప్పిండి ఉంటే చాలు. పట్టిన చేప ముక్కలకు ఆ కారమూ పిండీ పట్టించి పెనం మీద వేయిస్తే అడవిలో విందే. చేపలు దొరుకుతాయని నమ్మి మాత్రం బియ్యం తగ్గించకండి.

ఎలుగుబంట్లు ఉన్న అడవి ఇది. తిండి, టూత్‌పేస్టు, చెత్త అన్నీ ఎలుగు తెరవలేని డబ్బాలో ఉండాలి, లేదా నేలకు 12 అడుగుల ఎత్తున, మానుకు దూరంగా వేలాడదీయాలి. గుడారంలోకి బిస్కెట్ ముక్క కూడా పోకూడదు. గిన్నెలు సరస్సులో కడగకూడదు. 150 అడుగులు ఇవతలికి వచ్చి కడగాలి.

6. వసంతంలో చేప పారే నీటి దగ్గర ఉంటుంది

నీరు 5 నుంచి 10 డిగ్రీల సెల్సియస్‌కు వచ్చేసరికి వాలై గుడ్లు పెడుతుంది. వాగులు సరస్సులో కలిసే చోట, రాళ్ళు పరిచిన లోతు తక్కువ నీళ్ళలో చేరుతుంది. గుడ్లు పెట్టాక కూడా కొన్నాళ్ళు ఆ చుట్టుపక్కలే తిరుగుతుంది. దాని కంటి వెనక పిల్లి కళ్ళకున్నట్టు మెరిసే పొర ఉంటుంది. అందుకే మసక వెలుతురులో వేటాడుతుంది. సాయంత్రం పొద్దు వాలే వేళ గాలం వేయండి. లేక్ ట్రౌట్ వేసవిలో అడుగుకు పోతుంది గానీ, మేలో నీరంతా చల్లగానే ఉంటుంది కాబట్టి పైకే వస్తుంది. ఒడ్డున నిలబడ్డ పిల్లల గాలానికి కూడా పడవచ్చు. వాగు నోటి దగ్గర ప్రవాహం మేలో బలంగా ఉంటుంది. పడవను దూరంగా ఆపి, ఒడ్డు మీంచే వేయండి.

పదహారేళ్ళు నిండినవాళ్ళకు లైసెన్సు కావాలి. మదర్స్ డే వారాంతంలో మాత్రం మిన్నెసోటా తల్లులకు అది అక్కర్లేదు. మా ఆవిడ మొదటి వాలై అలాంటి ఆదివారమే పట్టింది.

7. ఆ పూటకు సరిపడా పట్టండి

చట్టం ఎన్ని పట్టుకోవచ్చని చెప్పినా, మీ పెనంలో పట్టేంతే మీ వంతు. పెద్ద ఆడచేపను తడిచేతులతో పట్టుకుని వదిలేయండి. సరిహద్దు దాటి కెనడా వైపు క్వెటికో పార్కుకు వెళ్తే బతికున్న ఎరలు వాడకూడదు, గాలపు ముల్లుకు ఎదురుముల్లు ఉండకూడదు. సీసపు గుండ్లు ఎక్కడా వాడకండి. అవి మింగిన లూన్ పక్షులు విషమెక్కి చనిపోతాయి. లూన్ మిన్నెసోటా రాష్ట్ర పక్షి. రాత్రి దాని కూత ఒక్కసారి విన్న పిల్లలు ఈ మాట మళ్ళీ చెప్పించుకోరు.

8. పచ్చదనం రాకముందు నిప్పు ఎక్కువ ప్రమాదం

నేల తడిగా ఉంది, మంచు ఇప్పుడే కరిగింది కదా అనిపిస్తుంది. పోయినేటి గడ్డీ ఆకులూ మాత్రం మేలో చితుకుల్లా ఎండి ఉంటాయి. 2007 మే 5న హామ్ లేక్ దగ్గర ఒక క్యాంపు నెగడు నుంచి లేచిన మంట సరిహద్దుకు రెండువైపులా కలిపి సుమారు 75,000 ఎకరాలు తగలబెట్టింది. నెగడు ఇనుప చట్రంలోనే వేయండి. గాలి ఉంటే అసలు వేయకండి. ఆర్పాక బూడిదలో చెయ్యి పెట్టి చూడండి. చెయ్యి కాలకపోతేనే నిప్పు ఆరినట్టు.

9. ఒక రోజు గాలికి వదిలేయండి

సోమవారం ఆఫీసు ఉందని ఆదివారం సాయంత్రం గాలికి ఎదురు తెడ్డు వేసినవాళ్ళను చూశాను. భయంతో ఏడుస్తున్న పిల్లల్నీ చూశాను. నాలుగు రోజుల ప్రయాణానికి ఐదు రోజుల సెలవు పెట్టండి. తిండి కూడా ఐదు రోజులకు కట్టుకోండి. ఏ రోజు తిరిగొస్తారో ఇంటి దగ్గర ఒకరికి రాసిచ్చి వెళ్ళండి. అక్కడ ఫోన్లు పలకవు.

10. వద్దనడం పిల్లలకు కూడా నేర్పండి

పోయిన మేలో మూడో రోజు పొద్దున్నే సామానంతా కట్టుకుని ఒడ్డుకు వచ్చాం. మా అబ్బాయి పడవను నీళ్ళలోకి దించబోతున్నాడు. మనవరాలికి తొమ్మిదేళ్ళు. జాకెట్ బిగించుకుని సరస్సు వైపు చూస్తూ నిలబడింది. మధ్యలో అలల మీద తెల్లటి నురగ లేస్తోంది.

"తాతయ్యా, ఇవాళ వద్దు" అంది.

మా అబ్బాయి నా వైపు చూశాడు. వాడికి ఆ పదకొండేళ్ళ నాటి సంగతి గుర్తుంది. నాకూ ఉంది. మారుమాట లేకుండా పడవను ఒడ్డు మీదికి లాగి బోర్లించాడు. గుడారం మళ్ళీ వేసుకున్నాం. ఐదో రోజుకని కట్టిన ఉప్మా పొట్లం విప్పాం.