మెలకువయే కావలి

ఇంటికి తలుపు, తలుపునకు తాళము, ఊరికి కావలి ఏర్పరచుకొనుట మానవుడు చిరకాలమునుండి ఎరిగిన పని. అయినను దొంగ తాళము పగులగొట్టియే లోనికి రానక్కరలేదు. ఇంటివారే తలుపు తీసి ఆహ్వానించునట్లు చేయగల నేర్పరి అంతకంటె ప్రమాదకరుడు. అట్టివాని పద్ధతి ఎట్టిదో తెలిసికొన్నచో వాని బారినుండి తప్పించుకొనుట సులభమగును.

కాశికి పోయినవాడును కాటికి పోయినవాడును ఒక్కటే అను సామెత పుట్టుటకు కారణము లేకపోలేదు. రైళ్లు లేని ఆ దినములలో యాత్రికులు నెలల తరబడి కాలినడకను, బండ్లమీదను ప్రయాణము చేయవలసియుండెను. అడవులు, ఏరులు, రోగములు, దొంగలు, ఇన్నిటిని దాటి తిరిగి ఇల్లు చేరినవాడు అదృష్టవంతుడు. 1830వ సంవత్సరమున ఏనుగుల వీరాస్వామయ్య చెన్నపట్టణమునుండి కాశికి బయలుదేరి, 1831లో తిరిగి వచ్చెను. ఆయన వెంట పెద్ద పరివారముండెను. అంతటి భాగ్యము లేని సామాన్యులు త్రోవలో కలిసిన బాటసారులతో జతకూడి పోవుచుండిరి. గుంపుగా నడచుట క్షేమమని వారి నమ్మకము.

ఈ నమ్మకమునే ఆయుధముగా చేసికొన్నవారు థగ్గులు. వారు యాత్రికులవలెను, వర్తకులవలెను వేషములు ధరించి, ఉత్తర, మధ్య హిందూదేశపు బాటలలో పైకముతో పోవువారిని కలిసికొనెడివారు. ముందు త్రోవ మంచిది కాదని హెచ్చరించి, కలసి పోవుట మేలని తామే హితవు చెప్పెడివారు. వారితో కలసి నడచి, కష్టసుఖములు ముచ్చటించి, స్నేహము సంపాదించెడివారు. పిమ్మట జనసంచారము లేని చోట మెడకు రుమాలు బిగించి ప్రాణములు తీసి, శవములను పూడ్చి, సొమ్ముతో వెడలిపోయెడివారు. యాత్రకు పోయినవాడు నెలల తరబడి తిరిగి రాకున్నను ఇంటివారికి అనుమానము కలుగకుండెడిది.

విలియం స్లీమన్ అను ఆంగ్లాధికారి 1830 తరువాతి సంవత్సరములలో ఈ ముఠాల ఆచూకీ తీసెను. పట్టుబడినవారిలో కొందరిచేత సాక్ష్యము చెప్పించి, తక్కినవారి జాడలు కనుగొనెను. 1836లో థగ్గుల విషయమై ప్రత్యేక శాసనము వెలువడెను. థగ్గులచేత మడిసినవారెందరను విషయమున చరిత్రకారులలో ఏకాభిప్రాయము లేదు. కాని వారి పద్ధతి మాత్రము స్పష్టము. మొదట నమ్మకము కలిగించుట, పిదప నలుగురినుండి వేరుచేయుట, తుదకు దోచుకొనుట.

నేడు కాశియాత్రకు అట్టి ప్రాణభయము లేదు. అయినను ఆ పాత పద్ధతి చావలేదు. అది చేతిలోని ఫోనుద్వారా ఇంటి నడిమికే వచ్చినది. ఉద్యోగవిరమణ చేసిన ఒక వృద్ధుని ఊహించుకొందము. ఆయనకు ఫోను మ్రోగును. అవతలివాడు తాను పోలీసు అధికారినని చెప్పుకొనును. “మీ పేర వచ్చిన పార్సిలులో మత్తుపదార్థములు దొరికినవి. మిమ్ము అరెస్టు చేయుచున్నాము. గది తలుపు వేసికొనుడు. ఈ సంగతి ఎవ్వరితోను చెప్పవలదు” అని గద్దించును. తెరమీద ఖాకీ దుస్తులు, వెనుక కార్యాలయము కనిపించును. నిర్దోషియని తేలువరకు సొమ్మంతయు తాము చెప్పిన ఖాతాకు పంపుమనును. కడుపు కట్టుకొని ముప్పది ఏండ్లు కూడబెట్టిన ధనము ఒక్క పూటలో మాయమగును. ప్రక్కగదిలో చదువుకొనుచున్న మనుమనితో ఒక్కమాట చెప్పియున్నచో అది పోయెడిది కాదు. మోసగాని మొదటి ఆజ్ఞ “ఎవ్వరితోను చెప్పవలదు” అని ఉండుటకు కారణమిదియే.

ఇట్టి మోసమునకు “డిజిటల్ అరెస్టు” అని పేరు వచ్చినది. భారతదేశపు చట్టములలో అట్టి అరెస్టు ఏదియు లేదు. ఏ పోలీసు అధికారియు ఫోనులో నిర్బంధింపడు. ధనము పంపుమని అడుగడు. 2024 అక్టోబరులో ప్రధానమంత్రియే రేడియో ప్రసంగమున ప్రజలను ఈ విషయమై హెచ్చరించెను. అట్లే, ఫోనుద్వారా మన ఖాతాకు సొమ్ము చేరుటకు పిన్ సంఖ్య నొక్కనక్కరలేదు. మన ఖాతానుండి సొమ్ము పోవుటకే అది కావలెను. ఓటీపీ, పిన్ సంఖ్యలు ఇంటి తాళపుచెవులవంటివి. నిజమైన బ్యాంకు ఉద్యోగి వాటిని అడుగడు. “ఈ క్షణమే చేయవలెను” అని తొందరపెట్టువాని మాట వినిన వెంటనే ఫోను కట్టివేసి, ఇంటిలోని మరియొకరితో ఆలోచించుట ఉత్తమము.

వీధిలోను, ఇంటిలోను ఈ సూత్రమే వర్తించును. ఊరికి పోవునపుడు నమ్మకమైన పొరుగువారికి చెప్పి పోవలెను. వాకిట పాలపొట్లములు, వార్తాపత్రికలు పేరుకొనియున్నచో ఇంటిలో ఎవరును లేరని దొంగకు అవియే చాటి చెప్పును. నగలకు మెరుగుపెట్టెదమని వచ్చు అపరిచితులను లోనికి రానీయరాదు. ప్రయాణమున క్రొత్తవారు ఇచ్చిన తినుబండారములు పుచ్చుకొనరాదు. బయలుదేరునపుడు ఎక్కడికి పోవుచున్నదియు, ఎప్పుడు తిరిగి వచ్చునదియు ఇంటివారికి తెలుపవలెను.

బాలబాలికలు ఒక విషయము గట్టిగా గుర్తుంచుకొనవలెను. ఎవరైనను, పరిచితుడైనను, బంధువైనను, తమకు ఇష్టము కాని విధముగా తాకి, “ఇది మన ఇద్దరి రహస్యము” అని చెప్పినచో, ఆ రహస్యమును కాపాడవలసిన పని లేదు. వెంటనే తల్లికో, తండ్రికో, ఉపాధ్యాయునికో చెప్పవలెను. ఒకరు వినకున్నచో మరియొకరికి చెప్పవలెను. 1098 అను సంఖ్యకు ఫోను చేసినను పిల్లలకు సహాయము లభించును. తప్పు చేసినవాడు సిగ్గుపడవలెను గాని, అన్యాయమునకు గురియైనవారు కాదు.

ఈ సిగ్గే అపరాధులకు పెట్టనికోట. మోసపోయినవారు లోకము నవ్వునని దాచుకొందురు. మోసగాడు నిశ్చింతగా మరియొక ఇంటికి పోవును. డబ్బు పోయిన వెంటనే 1930 అను సంఖ్యకు తెలిపినచో, అది చేతులు మారకముందే ఖాతాలో నిలిపివేయుటకు అవకాశముండును. ఆలస్యమైనకొలది ఆశ తగ్గును. ఆపద సమయమున పోలీసు సహాయమునకు 112 కలదు. 2024 జులై 1న అమలులోనికి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత ప్రకారము, నేరము ఎచ్చట జరిగినను ఏ పోలీసు స్టేషనులోనైనను ఫిర్యాదు చేయవచ్చును. “ఇది మా పరిధి కాదు” అని త్రిప్పి పంపరాదు.

మెలకువ వేరు, అనుమానము వేరు. 2018లో పిల్లలనెత్తుకుపోవు ముఠాలు తిరుగుచున్నవని ఫోనులలో వదంతులు వ్యాపించినవి. తెలంగాణలోను, మరి కొన్ని రాష్ట్రములలోను జనము గుంపులుగా చేరి, నిజానిజములు విచారింపక అమాయకులను కొట్టి చంపిరి. భాష తెలియని బాటసారులు, మతిస్థిమితము లేని బీదలు ప్రాణములు కోల్పోయిరి. నేరమును ఆపబూని వారే నేరస్థులైరి. అపరిచితునిపై సందేహము కలిగినచో పోలీసులకు తెలుపుట పౌరుని ధర్మము. శిక్షించుట న్యాయస్థానముల పని. నిర్ధారణ కాని వార్తను మరియొకరికి పంపకుండుటయు నేరనివారణమే.

1829లో లండను నగరమున క్రొత్త పోలీసు దళము ఏర్పడినపుడు, నేరము జరుగకుండ చూచుటయే దాని ముఖ్యోద్దేశమని ప్రకటించిరి. ఆ కార్యము పోలీసులవలన మాత్రమే నెరవేరదు. ప్రతి ఇంటిముందు ఒక కావలివానిని నిలుపుట ఏ ప్రభుత్వమునకును సాధ్యము కాదు. కాని పిల్లలు నిర్భయముగా మాటాడగల ఇంట, వృద్ధులు సంకోచము లేక సలహా అడుగగల ఇంట, పొరుగువారి క్షేమము విచారించు వీధిలో, మనిషిని ఒంటరిని చేయుట మోసగానికి తేలిక కాదు.

ప్రశ్నలు

1. థగ్గులు బాటసారుల నమ్మకమును ఎట్లు సంపాదించెడివారు?
2. “ఎవ్వరితోను చెప్పవలదు” అని మోసగాడు ఆజ్ఞాపించుటకు కారణమేమి?
3. మెలకువకును అనుమానమునకును గల భేదమును ఉదాహరణముతో వివరింపుము.
4. మీ వీధిలోని ఇళ్ల క్షేమమునకై ఇరుగుపొరుగువారు కలసి చేయదగిన పనులను వ్రాయుము.