చేతిది కాదు చెల్లీ, గింజది

“నా హస్తవాసి మంచిది కాదక్కా, నేను పెట్టిన గింజ మొలవదు.” ఈ మాట ఎంతమంది ఆడపిల్లల నోట విన్నానో! విన్నప్పుడల్లా మనసు చివుక్కుమంటుంది. చేతి సంగతి తర్వాత చూద్దాం చెల్లీ, ముందు ఆ గింజ ఏనాటిదో చెప్పు. పోయినేడు కాయ నుంచి తీసిందా, అంతకుముందు అత్తగారు కాగితంలో పొట్లం కట్టి ఇచ్చిందా? మూడు వానాకాలాలు వంటింటి గూట్లో, పొయ్యి సెగ పక్కన ఉందా?

డబ్బాలో ఉన్నా గింజ బతికే ఉంటుంది, నెమ్మదిగా ఊపిరి పీలుస్తూనే ఉంటుంది. తేమ, వేడి తగిలేకొద్దీ లోపల దాచుకున్న బలం హరించుకుపోతుంది. అందరి ఆయుష్షూ ఒకటి కానట్టే గింజలదీ అంతే. ఉల్లి గింజ ఏడాది దాటితే నమ్మలేం. బెండ, మిరప రెండేళ్ల దాకా ఫరవాలేదు. టమాటా, వంగ, బీర, సొర బాగా ఎండితే నాలుగేళ్లయినా లేస్తాయి. హారింగ్టన్ అనే అమెరికా విత్తన శాస్త్రవేత్త ఒక లెక్క చెప్పాడు: గింజలో తేమ ఒక్క శాతం తగ్గితే దాని నిల్వకాలం దాదాపు రెట్టింపవుతుందని. మన పెద్దవాళ్లు బీరకాయను తీగ మీదే ఎండనిచ్చి, ఊపితే గలగలమనేదాకా ఆగి, గింజలను బూడిదలో కలిపి దాచింది ఇందుకే.

ఇంకో సంగతి విన్నావంటే ఆశ్చర్యపోతావు. మన దేశంలో ధ్రువీకరించిన విత్తనానికి కనీస మొలక శాతం ఇంత ఉండాలని నిర్ణయించారు. బీరకు 60, బెండకు 65, టమాటాకు 70. అంటే డబ్బు పెట్టి కొన్న బీర గింజల్లో పదింటికి నాలుగు లేవకపోయినా లెక్క ప్రకారం అది మంచి విత్తనమే! మరి నాలుగు గుంటల్లో మొలక రాలేదని నువ్వెందుకు నీ చేతిని తిట్టుకోవాలి?

అందుకే విత్తే ముందు పరీక్ష చెయ్యమంటున్నాను. పెళ్లిళ్లలో పాలికలు పోసి మొలకల కోసం రోజూ తొంగిచూసిన వాళ్లం, మనకిది కొత్తేమీ కాదు. డబ్బా కుదిపి, కళ్లతో ఏరకుండా చేతికొచ్చిన పది గింజలు తియ్యి. గింజలు దండిగా ఉంటే ఇరవై తీస్తే ఇంకా నికరంగా తెలుస్తుంది. బొద్దుగా ఉన్నవాటినే ఏరావంటే ఆ పదింటి సంగతే తెలుస్తుంది కానీ డబ్బా సంగతి తెలియదు. పాత నూలు పంచె ముక్క తడిపి, ఇంక చుక్క కారనంతగా పిండు. దాని మీద గింజలు ఒకదానికొకటి తగలకుండా పరిచి, మరో మడత కప్పి, చాపలా వదులుగా చుట్టు. ఏ ఏడాది గింజో, ఏ రోజు చుట్టావో చీటీ రాసి జతచేసి, మూత బిగించని డబ్బాలో పెట్టి నీడలో ఉంచు. రోజుకోసారి విప్పి చూడు. గుడ్డ ఆరితే నీళ్లు చిలకరించు, బూజు పట్టిన గింజను తీసెయ్యి. నీళ్లు ఎక్కువైతే గింజ ఊపిరాడక కుళ్లుతుంది. చాలామంది పరీక్ష చెడేది ఇక్కడే.

గింజ ఉబ్బితే మొలిచినట్టు కాదు. పైతొక్క చీలి తెల్లటి వేరు బయటికి రావాలి, అదీ సూటిగా, గట్టిగా ఉండాలి. నీళ్లలో వేసి మునిగినవి మంచివి, తేలినవి తాలు అంటారు చూడు, దాన్ని పూర్తిగా నమ్మకు. తాలు తేలేమాట నిజమే కానీ, ప్రాణం పోయిన గింజ కూడా నిక్షేపంగా మునుగుతుంది.

తోటకూర మూడు నాలుగు రోజుల్లోనే తేల్చి చెప్పేస్తుంది. బీర, సొర, బెండ వారం లోపు కదులుతాయి. మిరపకూ వంగకూ రెండు వారాలు ఓపిక పట్టాలి. కాకర మరీ మొండిది. పైపెంకు గట్టిగా ఉంటుంది కాబట్టి అంచును గోళ్ల కత్తెరతో కొద్దిగా చిదిపి, రాత్రంతా నానేసి అప్పుడు గుడ్డలో చుట్టు. ధనియాలను మాత్రం మే నెల ఎండల్లో పరీక్షించకు. వాటికి చల్లదనం కావాలి, బతికున్న గింజ కూడా ఆ వేడికి లేవదు. ఇంకొక్క జాగ్రత్త చెల్లీ. కొన్న ప్యాకెట్లో గింజలకు గులాబీ రంగో ఆకుపచ్చో పూసి ఉంటే అది మందు. వాటికి వంటింటి గుడ్డలు వాడకు, చేతులు సబ్బుతో కడుక్కో, పిల్లలకు అందనివ్వకు.

పదింట ఎనిమిది మొలిస్తే నిశ్చింతగా విత్తుకో. ఐదే మొలిస్తే పారెయ్యొద్దు, గుంటకు రెండు పెట్టేచోట నాలుగు పెట్టు. మూడుకు తగ్గితే మాత్రం ఆ గింజలపై ఆశ పెట్టుకోకుండా ఎవరినైనా కొత్తవి అడుగు. అమ్మ ఇచ్చిన పాత రకం, ఇంకెక్కడా దొరకనిదైతే ఒక్కటి మొలిచినా చాలు. దాన్ని కళ్లలో పెట్టుకుని సాకి, దాని కాయలు విత్తనానికే వదిలెయ్యి. గుడ్డలో మొలిచినవీ వృథా కావు. వేరు మొన విరగకుండా పట్టుకుని, కిందికి ఉండేలా కుండీలో పెట్టి పైన పలచగా మట్టి కప్పు.

ఈ హస్తవాసి మాట నన్నింత బాధపెట్టడానికి వేరే కారణం ఉంది. భర్త పోయాడని ఒకరిని, నెలసరి అని మరొకరిని విత్తనం ముట్టనివ్వని ఇళ్లు ఇంకా ఉన్నాయి. మొలక రాకపోతే ఆ నింద కూడా వాళ్ల మీదికే పోతుంది. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్ చుట్టుపక్కల ఊళ్లలో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాల సంగతి నీకు తెలిసే ఉంటుంది. వాళ్లలో ఎక్కువమంది దళిత మహిళలు. ఎన్నో రకాల చిరుధాన్యాల, పప్పుల విత్తనాలను పేడతో అలికిన బుట్టల్లో, బూడిదా వేపాకూ కలిపి ఏళ్ల తరబడి కాపాడుతున్నారు. ఆ సంఘాలకు 2019లో ఐక్యరాజ్యసమితి వాళ్ల ఈక్వేటర్ బహుమతి వచ్చింది. అవీ మనలాంటి ఆడవాళ్ల చేతులే. ఫలానా చెయ్యి మంచిది, ఫలానాది కాదు అనే మాట మన ఇళ్లలోంచి పోవాలి.

రోహిణి కార్తె మే 25 ప్రాంతంలో వస్తుంది, ఆ తర్వాత రెండు వారాలకు మృగశిర. పరీక్షకు సరిగ్గా సరిపోయే వ్యవధి అది. తొలకరి పడ్డాక గింజ వేసి, పదిహేను రోజులు ఎదురుచూసి, అప్పుడు కొత్త గింజ వెతుక్కుంటే అదను దాటిపోతుంది. మిద్దె మీద నాలుగు కుండీలున్నా, పెరట్లో నాలుగు పాదులున్నా, ఈ ఏడు రోహిణిలోనే నీ డబ్బాలు దించు. ఎవరికైనా గింజలు పంచేటప్పుడు పొట్లం మీద ఏ ఏటివో, పదింటికి ఎన్ని మొలిచాయో కూడా రాసి ఇవ్వు.