ఎక్స్‌రే రేణువుల లెక్క – కొత్తరకం సీ.టీ. స్కానరు

పులికాట్ రేవుల్లో రొయ్యల బేరం చూచినవారికి "కౌంటు" అన్నమాట కొత్త కాదు. కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయన్నదే కౌంటు. ముప్పై కౌంటు అంటే పెద్దవి, వంద కౌంటు అంటే చిన్నవి. బుట్టంతా ఒకేసారి కాటాలో వేస్తే బరువు తెలుస్తుంది గాని లోపల ఏ సైజు సరుకు ఎంత వున్నదో తెలియదు. నేడు ఆసుపత్రులలో వున్న సీ.టీ. స్కానర్లలో అత్యధిక భాగం ఈ కాటా పద్ధతివే.

రోగి శరీరం గుండా వచ్చిన ఎక్స్ కిరణాలు ముందుగా ఒక మెరిసే పదార్థం మీద పడి మామూలు వెలుతురుగా మారతాయి. ఆ వెలుతురును ఫోటోడయోడు విద్యుత్తుగా మారుస్తుంది. 120 కిలోవోల్టుల ట్యూబు నుంచి వచ్చే ఫోటాన్లు 120 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల దాకా రకరకాల శక్తులతో వుంటాయి. యంత్రానికి అందేది మాత్రం వాటి మొత్తమే. కాటాలో పెద్ద రొయ్యలదే పైచేయి అయినట్లు, ఇక్కడ హెచ్చు శక్తి ఫోటాన్లదే పైచేయి. కాని అయోడిన్ మందుకీ కణజాలానికీ తేడాను బాగా పట్టిచ్చేవి తక్కువ శక్తివి! రక్తనాళంలో పేరుకున్న సున్నమూ, ఎక్కించిన అయోడినూ రెండూ తెల్లగానే కనబడతాయి. గుండె రోగికి ఇది చిన్న తికమక కాదు. నాళం ఎంత మూసుకుపోయిందన్న తీర్పే దానిమీద ఆధారపడి వుంటుంది.

2021 సెప్టెంబరులో అమెరికా ఎఫ్.డి.ఏ. అనుమతి పొందిన సీమెన్స్ వారి నియోటామ్ ఆల్ఫాలో కాటా లేదు, లెక్క వుంది. అందులోని కాడ్మియం టెల్యూరైడ్ స్ఫటికం ఎక్స్‌రేను నేరుగా విద్యుత్తుగా మారుస్తుంది. 60 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల ఫోటాను ఒక్కటి పడితే సుమారు పదమూడు వేల పైచిలుకు ఎలక్ట్రాన్లు విడుదలవుతాయి. ఆ తరంగం ఎత్తును బట్టి ఫోటాను ఏ సైజుదో తెలుసుకొని, ఆయా అరల్లో వేస్తారు. 20, 25కు లోపలి చిల్లర గొడవనంతా లెక్కలోకే రానివ్వరు. అందుకే తక్కువ మోతాదు కిరణాలతోనే బొమ్మ శుభ్రంగా వస్తుంది.

ఈ జాతి స్ఫటికాలు మనకు బొత్తిగా పరాయివి కావు. తడకు ఈశాన్యంగా, సరస్సుకు ఆవలనున్న శ్రీహరికోట నుంచి 2015 సెప్టెంబరు 28న పి.ఎస్.ఎల్.వి.-సి30 మోసుకుపోయిన ఆస్ట్రోశాట్‌లో సీ.జెడ్.టి.ఐ. అనే పరికరం వుంది. కాడ్మియం జింక్ టెల్యూరైడ్ పలకలు 64, ఒక్కొక్క పలకలో 256 గళ్ళు, వెరసి 16,384 గళ్ళు. నక్షత్రాల నుంచి వచ్చే ఎక్స్‌రే ఫోటాన్లను అది ఒక్కొక్కటిగా, శక్తితో సహా నమోదు చేస్తుంది.

మరి ఆకాశంలో చేసిన పని ఆసుపత్రిలో చెయ్యటానికి ఇంత ఆలస్యమెందుకు? ఆకాశం నుంచి రాలేవి చెదురుమదురు చినుకులు. సీ.టీ. ట్యూబు నుంచి శరీరం అడ్డులేకుండా వచ్చేవి చదరపు మిల్లీమీటరుకు సెకనుకు కొన్ని కోట్లు! రెండు ఫోటాన్లు ఒకేసారి పడితే యంత్రం వాటిని ఒకే పెద్ద ఫోటానుగా రాసుకుంటుంది. దీనికి విరుగుడుగా గడిని చిన్నది చేద్దామంటే మరో తంటా. గళ్ళ సరిహద్దులో పడ్డ ఫోటాను తాలూకు ఎలక్ట్రాన్లు రెండు గళ్ళకూ పంచుకుపోతాయి. తలా తోకా విడిపోయిన ఒక రొయ్యను రెండు చిన్న రొయ్యలుగా లెక్కవేసినట్లన్నమాట. అదిగాక కాడ్మియం, టెల్యూరియం అణువులే 23, 27 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల దరిదాపున సొంత ఎక్స్‌రేలు వెదజల్లుతాయి. అవి పక్క గడిలో పడి దొంగ లెక్కకు దారితీస్తాయి.

కాబట్టి "మా యంత్రానికి ఇన్ని అరలు" అన్న ప్రకటన చూచి మురిసిపోనక్కరలేదు. అరలు ఎన్నయితేనేం, ఒక అరలోది ఇంకో అరలో పడుతూ వుంటే? అయోడినే చూడండి. దాని కె-అంచు 33.2 దగ్గర వుంది. అంత తక్కువ శక్తి ఫోటాన్లు పెద్దవాళ్ళ శరీరం దాటి వచ్చేవే బహు తక్కువ, వచ్చినవాటిని పై దొంగ లెక్కలు కలుషితం చేస్తాయి. గడోలినియం 50.2, బంగారం 80.7 దగ్గర వున్నాయి గనుక కె-అంచు పద్ధతికి అవే అనువు. సున్నాన్నీ అయోడిన్‌నీ విడదీయటం వేరు సంగతి. దానికి రెండు అరలు నిక్కచ్చిగా పనిచేస్తే చాలు.

సెర్న్ పరిశోధకులు మెడిపిక్స్-3 చిప్పులో పక్కపక్క గళ్ళు మాట్లాడుకొని చీలిన భాగాలను కూడి, ఒకే గడికి జమకట్టే ఏర్పాటు చేశారు. న్యూజిలాండులో దానితో తీసిన మనిషి శరీరపు రంగుల బొమ్మలు 2018లో వెలువడ్డాయి. కూడిక చేస్తే వేగం తగ్గుతుంది. ఆ ఖరీదు తప్పదు.

తమాషా ఏమిటంటే, పక్క గడిలోకి పోయే లెక్క మన ఆస్ట్రోశాట్‌కు నష్టం కాలేదు. వంద కిలో ఎలక్ట్రాన్ వోల్టులు దాటిన ఫోటాను ఒక గడిలో కాంప్టన్ పరిక్షేపం చెంది పక్క గడిలో పడితే, ఏ దిక్కుకు పోయిందో చూచి ధ్రువణాన్ని లెక్కగట్టవచ్చు. వృషభరాశిలోని క్రాబ్ పల్సారు ఎక్స్ కిరణాల ధ్రువణాన్ని 2017లో మన శాస్త్రజ్ఞులు ప్రకటించింది ఈ జంట లెక్కలతోనే.