బీఈడీలో చేరేముందు జీతం లెక్క చూసుకోండి

టీచర్ల జీతం వాళ్లు పడే చాకిరీకి తగ్గట్టు ఉందా అంటే, ముందు ఏ బడి టీచరో చెప్పాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2022 పీఆర్సీ ప్రకారం ఎస్జీటీ మూలవేతనం రూ.32,670తో, స్కూల్ అసిస్టెంట్‌ది రూ.44,570తో మొదలవుతుంది. డీఏ, హెచ్‌ఆర్‌ఏ అదనం. అదే బీఈడీ పట్టాతో ఊళ్లోని ప్రైవేటు స్కూల్లో చేరితే చాలాచోట్ల ఇందులో సగం కూడా చేతికి రాదు. వేసవి సెలవుల జీతం ఎగ్గొట్టే యాజమాన్యాలూ ఉన్నాయి. 2021లో కరోనాకు బళ్లు మూతపడితే తెలంగాణ ప్రభుత్వం ప్రైవేటు టీచర్లకు నెలకు రూ.2,000, పాతిక కిలోల బియ్యం ఇవ్వాల్సి వచ్చింది. వాళ్ల చేతిలో మిగులు ఎంతుందో ఇక వేరే చెప్పాలా?

పని సంగతికొస్తే, విద్యాహక్కు చట్టం పాఠం తయారీతో కలిపి వారానికి 45 గంటలంటుంది. ఐదు సెక్షన్లకు లెక్కలు చెప్పే టీచరు దగ్గర, సెక్షన్‌కు నలభై మంది చొప్పున, రెండు వందల నోటుబుక్కులు పోగవుతాయి. ఒక్కోటి మూడు నిమిషాల్లో దిద్దినా పది గంటలు. అవి ఎటూ ఇంటికే మోసుకెళ్లాలి. సర్కారు బడిలో దీనికితోడు ఫోన్‌లో హాజరు, మధ్యాహ్న భోజనంలో గుడ్ల లెక్క. జనగణన, ఎన్నికలు, విపత్తు సాయం తప్ప బోధనేతర పని చెప్పకూడదని అదే చట్టం అంటుంది కానీ, యాప్‌లు ఆ గీత దాటి చాలాకాలమైంది. నా మటుకు సర్కారు జీతం పాఠం చెప్పినందుకు సరిపోతుంది, గుమాస్తా పనికి కాదు. ప్రైవేటులో పాఠానికే సరిపోదు.

కాబట్టి బీఈడీ చేస్తే ఏదో ఒక ఉద్యోగం దొరక్కపోదులే అనుకుని చేరకండి. ఆంధ్రాలో 2018 డీఎస్సీ తర్వాత మెగా డీఎస్సీ 16,347 పోస్టులతో 2025లో వచ్చింది. తెలంగాణలో 2017 తర్వాత 11,062 పోస్టుల డీఎస్సీ 2024లో. మధ్యలో ఆ ఏడేళ్లు ఇల్లు ఎలా గడుస్తుందో ఇప్పుడే ఆలోచించుకోండి. ఎస్జీటీ కావాలనుకుంటే డీఈడీ చేయాలి. ప్రాథమిక తరగతులకు బీఈడీ చెల్లదని 2023లో సుప్రీంకోర్టు తేల్చేసింది. టెట్ గట్టెక్కితే చాలనుకోవద్దు, డీఎస్సీలో దానికి 20 శాతం వెయిటేజీ ఉంది. కేంద్రీయ విద్యాలయాల ప్రకటనల మీదా కన్నేసి ఉంచండి. అక్కడ టీజీటీ మూలవేతనం రూ.44,900.

ఈలోగా ప్రైవేటులో చేరక తప్పదంటే, వారానికి ఎన్ని పీరియడ్లు, పీఎఫ్ కడతారా, మే నెల జీతం ఇస్తారా అని మొహమాటం లేకుండా అడగండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు తమ దగ్గరే పెట్టుకుంటామన్న బడికి మాత్రం దండం పెట్టి వచ్చేయండి.