ఓడిన సంగతి మెదడుకి అందకపోతే

సప్తవ్యసనాల జాబితా మనలో చాలామంది చిన్నప్పుడే విన్నాం. జూదం, స్త్రీ వ్యామోహం, తాగుడు, వేట, పరుషంగా మాట్లాడటం, కఠినంగా దండించడం, డబ్బు దుబారా చెయ్యడం. ధర్మరాజు అంతటివాడే జూదానికి చిక్కాడు. వీటిలో మూడు, అంటే జూదం, కామం, దుబారా, ఇంకో జాబితాలో కూడా కనిపిస్తాయి. పార్కిన్‌సన్స్ జబ్బుకి వాడే కొన్ని మాత్రల డబ్బాలో మడిచిపెట్టిన కాగితం ఉంటుంది కదా, అందులో దుష్ప్రభావాలు అన్నచోట. అక్కడ వీటికి తోడు నాలుగోది, అదుపులేని తిండి.

అరవై ఏళ్ల మనిషిని ఊహించుకుందాం. జీవితంలో పేకముక్క ముట్టలేదు. మందు మొదలుపెట్టిన కొన్ని నెలలకి రాత్రుళ్లు దుప్పటి కింద ఫోన్ పెట్టుకుని రమ్మీ ఆడుతున్నాడు, ఫిక్స్‌డ్ డిపాజిట్ కరిగిపోయింది. ఇంట్లోవాళ్లు ఏమంటారు? "ఈ వయసులో ఇదేం బుద్ధి!" అంటారు. అతనూ అదే అనుకుంటాడు, అందుకే ఎవరికీ చెప్పడు. కానీ ఇక్కడ బుద్ధితో పాటు లెక్కలోకి తీసుకోవలసినది ఇంకొకటి ఉంది. కంట్రోల్ సిస్టమ్స్ పేపర్ రాసినవాళ్లకి అది తేలిగ్గానే అర్థమవుతుంది.

ముందు జబ్బు సంగతి. లండన్ వైద్యుడు జేమ్స్ పార్కిన్‌సన్ 1817లో దీన్ని వివరంగా రాశాడు: వణుకు, నడకలో తేడా, కదలికల్లో మందగింపు. కారణం చాలాకాలం తర్వాత తెలిసింది. నడిమెదడులో సబ్‌స్టాన్షియా నైగ్రా అనే చిన్న భాగంలో డోపమైన్ తయారుచేసే కణాలు చచ్చిపోతుంటాయి. మరి డోపమైన్‌నే మింగిస్తే సరిపోదా? సరిపోదు, అది రక్తంలోంచి మెదడులోకి దాటలేదు. దాని ముడిసరుకు లెవోడోపా దాటగలదు. (మన పొలం గట్ల మీద దూలగొండి ఉంటుంది చూడండి, ఒంటికి తగిలితే దురదపెట్టేది, దాని గింజల్లో ఈ లెవోడోపానే ఉంది. అలాగని ఎవరూ ఇంట్లో పొడి కొట్టి పెద్దవాళ్లకి పెట్టకండి, మోతాదు తెలియదు.) రెండో రకం మందులు డోపమైన్‌గా మారవు, డోపమైన్ తాళంలో పట్టే మారుతాళంచెవుల లాంటివి. ప్రామిపెక్సోల్, రోపినిరోల్ ఈ రకం. వీటినే డోపమైన్ అగోనిస్టులు అంటారు. మన గొడవ ఎక్కువగా వీటితోనే.

డోపమైన్ మెదడులో ఒక్కచోటికే వెళ్లదు. స్ట్రయేటమ్ అనే భాగంలో పైవైపు కదలికల పని చూస్తుంది, కిందివైపు కోరిక, ప్రతిఫలం సంగతి చూస్తుంది. జబ్బు మొదట్లో ఎక్కువ దెబ్బతినేది పైభాగం. కిందిది చాలావరకు బాగానే ఉంటుంది. పై అంతస్తుకి నీళ్లు ఎక్కడం లేదని మోటారు ప్రెషర్ పెంచితే కింది అంతస్తులో కుళాయిలు పొంగినట్టు, పైభాగానికి సరిపడా ఇచ్చిన డోసు కిందిభాగానికి ఎక్కువైపోతుంది. పైగా ఈ మందులు గట్టిగా అతుక్కునే డీ3 అనే గ్రాహకాలు ఆ కిందిభాగంలోనే ఎక్కువ.

ఎక్కువైతే ఏమవుతుంది? ఇక్కడే అసలు విషయం. వోల్ఫ్రమ్ షుల్ట్జ్ కోతుల మీద చేసిన ప్రయోగాల్లో తేలిందేమిటంటే, డోపమైన్ కణాలు పండ్లరసం దొరికిందా లేదా అన్నది కాదు, అనుకున్నదానికీ దొరికినదానికీ మధ్య తేడాని చెబుతాయి. అనుకోకుండా దొరికితే వాటి చురుకు పెరుగుతుంది. అనుకున్నంతే దొరికితే మార్పు లేదు. వస్తుందనుకున్నది రాకపోతే మామూలు కంటే కిందికి పడిపోతుంది. అచ్చం మన ఫీడ్‌బ్యాక్ లూప్‌లో ఎర్రర్ సిగ్నల్. ఆ కిందికి పడటమే "ఈసారి పోయింది, మళ్లీ అటు వెళ్లకు" అని నేర్పేది.

ఇప్పుడు గ్రాహకం మీద రోజంతా మందు కూర్చుని ఉందనుకోండి. కణాలు చురుకు తగ్గించినా ఆ పల్లం అవతల కనిపించదు, మందు దాన్ని పూడ్చేస్తుంది. గెలిస్తే కబురు అందుతుంది, ఓడితే అందదు. నెగెటివ్ వైపు క్లిప్ అయిపోయిన సెన్సర్‌తో లూప్ నడిపితే ఏమవుతుందో మనకి తెలుసు. ఇదంతా ఉత్త ఊహేమీ కాదు. మైకేల్ ఫ్రాంక్ బృందం 2004లో పార్కిన్‌సన్స్ రోగులని పరీక్షిస్తే, మందు వేసుకోనప్పుడు తప్పు ఎంపికల నుంచి బాగా నేర్చుకున్నారు, వేసుకున్నప్పుడు లాభించిన ఎంపికల నుంచి బాగా నేర్చుకున్నారు. జబ్బు అదే, మందు ఒక్కటే తేడా.

ఎంతమందికి వస్తుంది? అమెరికా, కెనడాల్లో 46 కేంద్రాల్లో 3,090 మంది రోగులని చూసిన అధ్యయనం 2010లో వచ్చింది. అగోనిస్టులు వాడేవాళ్లలో 17.1 శాతం మందికి ఈ నాలుగింటిలో కనీసం ఒకటి ఉంది, వాడనివాళ్లలో 6.9 శాతం. అంటే ఎక్కువమందికి రాదు. కాస్త చిన్న వయసువాళ్లకి, పొగతాగేవాళ్లకి, కుటుంబంలో జూదం సమస్య ఉన్నవాళ్లకి ప్రమాదం ఎక్కువ. కాబట్టి గుణానికీ అలవాట్లకీ అసలు పాత్రే లేదని నేను అనను. కానీ పార్కిన్‌సన్స్ లేకుండా, రాత్రి పడుకుంటే కాళ్లు ఊరుకోనివ్వని రెస్ట్‌లెస్ లెగ్స్ జబ్బుకి ఇవే మందులు వాడినవాళ్లలోనూ ఇలాంటివి కనిపించాయి. మందు పాత్ర లేదనడానికి ఇక వీల్లేదు.

ఇంజినీరింగ్ వాళ్లకి ఆసక్తి కలిగించే ఇంకో రూపం ఉంది, పండింగ్. రేడియోనో గడియారాన్నో విప్పి, స్క్రూలు సైజులవారీగా పేర్చి, మళ్లీ కలిపి, గంటల తరబడి అదే పని. పని పూర్తవ్వాలన్న ధ్యాస ఉండదు, మధ్యలో ఆపితే చిరాకు. ఇంట్లోవాళ్లు "పోనీలే, కాలక్షేపం" అనుకుని వదిలేస్తారు, అందుకే బయటపడటం ఆలస్యం.

దీనికి మొదటి చికిత్స చాలాసార్లు అగోనిస్టు డోసు తగ్గించడం, లేదా మెల్లగా మానిపించి లెవోడోపాతో నెట్టుకురావడం. చాలామందిలో వ్యసనం తగ్గిపోతుంది. అయితే ఇది డాక్టరు చెయ్యాలి. కోపంలో కొడుకు డబ్బా తీసి చెత్తబుట్టలో పడేస్తే ఆందోళన, దిగులు, గుండెదడ, చెమటలు పట్టుకుంటాయి, ఒళ్లు బిగుసుకుపోతుంది. తగ్గించేటప్పుడు కూడా బేరం తప్పదు: కొందరికి చేతివణుకు మళ్లీ పెరుగుతుంది, చొక్కా గుండీలు పెట్టుకోవడం కష్టమవుతుంది. ఈలోగా బ్యాంకు ఖాతా ఇద్దరి సంతకం మీద పెట్టడం, కార్డు పరిమితి తగ్గించడం లాంటివి ఇంట్లోవాళ్లు చెయ్యగలిగినవి.

డాక్టరు గదిలో పదినిమిషాలూ వణుకు గురించే సరిపోతాయి. పేకాట సంగతి రోగి తనంతట తాను ఎత్తడు, సిగ్గు ఒక కారణం, అది మందు వల్లేమో అని తట్టకపోవడం ఇంకో కారణం. తాతగారినో పెదనాన్ననో న్యూరాలజిస్టు దగ్గరికి తీసుకెళ్లే మనవడు మీరే అయితే, మందు మొదలుపెట్టాక కొత్తగా వచ్చిన అలవాటు ఏదైనా కాగితం మీద రాసుకెళ్లి, ఆయన్ని నలుగురిలో నిలదీయకుండా, డాక్టరు చేతికి ఇవ్వండి.