ఇటాలియను క్రియలలో ఊనిక యెచ్చట?

ప్రశ్న: ఇటాలియను క్రియలలో ఏ యక్షరమును ఊది పలుకవలయునో తెలుపు నియమము కలదా?

జవాబు: కలదు, కాని ముందుగా పదమును అక్షరములుగా విభజించుట నేర్వవలయును. ద్విత్వహల్లు రెండుగా చీలును గనుక 'చదువుచున్నాను' అను నర్థము గల లెగ్గొ, లెగ్-గొ యగును; సకారాది సంయుక్తము మాత్రము చీలక పై యక్షరమునే చేరుటచే 'నిరీక్షించుట' యను నర్థము గల అస్పెత్తారె, అ-స్పెత్-తా-రె యగును.

ఊనిక సాధారణముగా ఉపాంత్యాక్షరమున నిలుచును. అభ్యాసకులు మిక్కిలి తడబడునది వర్తమానకాల ప్రథమపురుష బహువచనమునందే. అచ్చట 'నొ' చేరినను, ఏకవచనమున ఊనిక యే యక్షరముపై నుండెనో దానినే యంటిపెట్టుకొని యుండును: పార్-ల (మాట్లాడును), పార్-ల-నొ, ఆ-బి-త (నివసించును), ఆ-బి-త-నొ. ఈ తుదిరూపమున ఊనిక చివరనుండి నాల్గవ యక్షరమునకు పోయినది! స్థానభేదముచే అర్థమే మాఱుటయు కలదు: కాపితనొ యనిన 'సంభవించును' అను బహువచనక్రియ, కపితానొ యనిన 'దళనాయకుడు', కపితనో యనిన 'నాయకత్వము వహించెను'. వీనిలో కడపటిదానికి మాత్రమే లిపియందు ఊనిక గుర్తు తప్పనిసరి.

'ఎరె' అంతముగా గల తుమున్నంతములు మాత్రము నియమమునకు లొంగవు. 'చూచుట' వెదేరె, 'నమ్ముట' క్రేదెరె. అట్టి క్రియ యెదురైనప్పుడెల్ల నిఘంటువును చూచి, ఊనికతో కూడ కంఠస్థము చేయుడు.